అమీనత్త, ముక్కు లేని డైమండు

అమీనాబీతో మా వీధిలో ఎవరూ పంతానికి పోరు. పోయినోళ్లు ఓడిపోయినారని కాదు. గెలిచినా ఆమె ఒప్పుకోదు, అందుకు.

మనిషిని చూస్తే ఈకంత. యాభై ఎనిమిదేళ్లు. మార్కాపురం పలకల కార్ఖానాలో ముప్పై ఏళ్లు రాయి నూరింది. మీరు చిన్నప్పుడు బలపంతో దిద్దిన పలక మా ఊరిదే అయితే, దాని అంచు ఆమె చేతిలోనే నునుపయ్యి ఉండొచ్చు. ఆ దుమ్మంతా ఊపిరితిత్తుల్లో దాచుకోని ఇంటికొచ్చింది. నాలుగు మెట్లెక్కితే ఈలేసినట్టు వస్తాది ఊపిరి.

"కార్ఖానా మూసేసినారు గానీ, సైరన్ మాత్రం నాకిచ్చి పోయినారు రా కోటీ" అంటాది.

పెళ్లయిన రెండేళ్లకే మొగుడు పోయినాడు. పిల్లల్లేరు. పిల్లులు మాత్రం ఎన్నో ఆమెకే తెలీదు. వీధిలో పుట్టిన ప్రతి పిల్లికీ ఆమె ఇంట్లో రేషన్ కార్డు ఉన్నట్టే. వాటిల్లో ఒంటి చెవి గండుపిల్లి ఒకటుంది. దానికి సర్పంచి అని నేనే పేరు పెట్టినా. ప్రతి ఇంటికీ పోతాడు, ప్రతి ఇంట్లో తింటాడు, పని మాత్రం ఏ ఇంట్లోనూ చెయ్యడు.

అనీస్ ఆమె అన్న కొడుకు. మనం మేనత్త అన్నట్టు, వాడు ఆమెను ఫుప్పూ అంటాడు. బీకాం చదివి, ఉద్యోగం దొరక్క, పర్షియన్ పిల్లుల బిజినెస్ పెట్టినాడు. ఫోన్లో ఫోటోలు పెడితే చాలు, ఒంగోలు నుంచి, గుంటూరు నుంచి కార్లేసుకోని వచ్చి కొనుక్కపోతారు. జాతి పిల్లి అంటే కాగితం ఉండాల గదా. ఆ కాగితాలు కొట్టేది ఎవరనుకున్నారు? అత్త ఇంటి పక్కన జిరాక్స్ దుకాణం నాదే. బంగారు రంగు అంచు, మధ్యలో సింహం బొమ్మ, కింద తల్లి పేరు, తండ్రి పేరు, తాత పేరు. తల్లీతండ్రీ పేర్లు అనీస్ చెప్పేవాడు. తాత దగ్గరికొచ్చేసరికి "ఏదో ఒకటి కొట్టు కోటీ" అనేవాడు. నాకు అంత స్వేచ్ఛ ఇయ్యకూడదు. డైమండ్ అనే పిల్లికి తాత పేరు "నవాబ్ ఆఫ్ కంభం" అని కొట్టినా. ఒక్కరన్నా అడగలా.

ఆ డైమండ్‌ను ఒక రోజు అనీస్ బుట్టలో పెట్టుకోని అత్త ఇంటికి తెచ్చినాడు. తెల్లటి పిల్లి. ముఖం మీద ఎవరో తలుపేసినట్టు చదునుగా ఉంది. ఏడాదిన్నరలో మూడు కాన్పులు. బొచ్చు రాలిపోయి, పక్కటెముకలు తేలినాయి.

"నెల రోజులు మేపు ఫుప్పూ. మళ్లీ తీస్కపోతా. ఆ సర్పంచి గాణ్ణి మాత్రం దగ్గరికి రానియ్యొద్దు, జాతి చెడిపోతాది."

మధ్యాన్నం అత్త నన్ను పిలిచింది. "కోటీ, ఇట్ల రా. ఇను."

పిల్లి నిద్రపోతాంది. గుర్రు, ఈల. గుర్రు, ఈల.

"నేనంటే ముప్పై ఏళ్లు దుమ్ము తిన్నా. ఇది ఏ కార్ఖానాలో చేసింది రా?"

"దాని ముక్కే అట్ల అత్తా. అట్ల ఉంటేనే గిరాకీ."

అత్త తిట్టకుండా, వంగి దాని ముక్కు ముందు వేలు పెట్టి చూసింది. ఆమె తిడితే నాకు భయం లేదు. తిట్టకపోతేనే భయం.

నెల తిరక్కముందే అనీస్ వచ్చినాడు. వెంట గిద్దలూరు నుంచి ఆనంద్ బాబు అని ఒక గిరాకీ. పుట్టబోయే పిల్లను ముందే మాట్లాడుకుందామని వచ్చినాడంట. ఆ టైముకి అరుగు మీద ఎర్రయ్య తాత కూర్చోని ఉన్నాడు. కొనకనమిట్ల పక్క ఊళ్లో గొర్రెలూ మేకలూ కాస్తాడు, అత్త దగ్గుకి మేకపాలు తెచ్చిస్తాడు.

ఆనంద్ బాబు పిల్లి ముందు వంగి చూసినాడు. "ఏంది, ఇట్ల గురక పెడతాంది?"

"పర్షియన్ స్టైల్ సార్ అది. రాజుల కాలం పిల్లి గదా."

"మరి మగపిల్లి ఏది?"

"ప్రిన్స్ సార్. దీని మొదటి కాన్పులో పుట్టినోడే. బయటి రక్తం చుక్క కలవదు."

ఎర్రయ్య నోట్లో బీడీ బయటికి తీసినాడు. "అంటే... సొంత కొడుకునే?"

"జాతి నిలబడాలంటే అంతే తాతా."

"మా మందలో పుట్టిన పొట్టేల్ని మా మంద మీదికి ఇడవం నాయనా. రెండేళ్లకొకసారి వెలిగండ్ల పక్క మందోళ్లతో మార్చుకుంటాం. మార్చకుంటే పిల్లలు గిడసబారి పుడతాయి. గొర్రెలు కాసేటోళ్లకు తెలిసిన ముక్క, నీ బీకాంలో చెప్పలా?"

అత్త లేచి బుట్ట ముందు నిలబడింది. "ఇది నాలుగో కాన్పుకి పోదు. నువ్వు పో."

"పోదంటే? నీ వీధి పిల్లుల సంగతి చెప్పమంటావా ఫుప్పూ? పోయినసారి ఐదు పుడితే మూడు లారీల కింద పోయినాయి. నా పిల్లలు ఏసీలో పండుకుంటాయి. పాపం ఎవరిది? చెప్పు!"

ఆ దెబ్బ తగిలింది. నేను చూసినా. అత్త బుట్ట అంచు పట్టుకోని ఈలేస్తా ఊపిరి పీల్చుకుంది.

"అది నా తప్పే" అనింది. ఆమె నోట ఆ మాట నేనదే మొదటిసారి వినడం. "కానీ నా పిల్లి ముక్కుతో గాలి పీలుస్తాది రా. నీది పీల్చలేకపోతాంది. అదే అందమని నువ్వు అమ్ముతాండావు."

"పిల్లి నాది. కాగితం ఉంది నాకాడ!" అని అనీస్ జేబులోంచి తీసి ఆడించినాడు.

"కోటీ! ఆ కాగితం ఎక్కడిది రా?"

అనీస్ నా వైపు చూసినాడు. చెప్పొద్దురా అన్నట్టు చూసినాడు. వాడు నాకు గిరాకీ, దోస్తు కూడా. అత్త మాత్రం అత్త.

"నా ప్రింటర్‌దే అత్తా. తాత పేరు కూడా నేనే పెట్టినా."

ఆనంద్ బాబు కాగితం లాక్కోని చదివినాడు. "నవాబ్ ఆఫ్ కంభమా? కంభంలో చెరువు తెలుసు నాకు. ఈ నవాబు ఎవరయ్యా?" కాగితం అనీస్ చేతిలో పెట్టి కారెక్కినాడు.

అనీస్‌కి కోపంతో చెవులు ఎర్రబడినాయి. "ఉంచుకో పో! నువ్వే మేపుకో, నువ్వే పూడ్చుకో! నీ గడప తొక్కితే చూడు!"

వాడు వీధి మలుపు తిరిగేదాకా ఆగి, అత్త మా వైపు తిరిగింది. "ఎర్రయ్యా, ఇన్నావా? కోటీ, నువ్వూ ఇన్నావుగా? ఉంచుకోమన్నాడు."

వాడి కోపం చల్లారకముందే పని కావాలని, మరుసటి రోజు పశువుల ఆస్పత్రి తలుపు తీయకముందే మేం అక్కడున్నాం. అత్త ఒళ్లో బుట్ట, బుట్టలో డైమండ్. నా చేతిలో గోనెసంచి, సంచిలో సర్పంచి. నా చేతుల నిండా వాడి గోళ్ల ముద్రలు.

"వీడెందుకత్తా?"

"నిన్న అనీస్ గాడు అన్నది అబద్ధం కాదు గదా. ఆ ఐదింటినీ పుట్టించింది ఈ దొంగనాయాలే. దాంతో పాటు వీడికీ పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాల."

డాక్టరమ్మ అరుణకుమారి సర్పంచిని చూసి నవ్వింది. డైమండ్‌ను చూసి నవ్వలా. "అమ్మా, ముక్కు ఇంత చదునుగా ఉన్న పిల్లికి మత్తు ఇస్తే, మళ్లీ లేస్తాదని గ్యారంటీ ఇయ్యలేను."

"ఈ ఒంటితో ఇంకో కాన్పుకి పోతే లేస్తాదా?"

"అదీ చెప్పలేను."

"అయితే ఇయ్యమ్మా. కాన్పైతే ప్రతిసారీ గండమే, ఇదైతే ఆ భయం ఒక్కసారితో పోతాది."

తలుపు మూసినాక అత్త మెట్టు మీద కూర్చోని రెండు చేతులూ చాపి దువా చేసింది. ఆమె పెదాలు ఆగేదాకా నేను ఒక్క జోకు కూడా వెయ్యలా. నా జీవితంలో అదే రికార్డు. రెండు గంటల తర్వాత డాక్టరమ్మ బయటికొచ్చి, "లేచింది, నన్ను కరవబోయింది కూడా" అని చెప్పింది.

బంధువులంతా అత్తనే తిట్టినారు. పిల్లోడి నోటికాడ కూడు లాగేసిందన్నారు. ఒక పెళ్లికి పిలవలేదు కూడా. "మంచిదే, ఆ బిర్యానీలో ఉప్పెక్కువంట" అనింది అత్త. నేను జాతి కాగితాలు కొట్టడం మానేసినా. మంచోణ్ణయ్యి కాదు. నా దుకాణం గోడా, ఆమె గోడా ఒకటే, అందుకు.

పదైదు రోజులకి అనీస్ వచ్చి, లోపలికి పోకుండా అరుగు మీద కూర్చున్నాడు.

"ఎట్లుంది?"

"తింటాంది. లోపలికొచ్చి చూసుకో."

"గడప తొక్కనన్నా గదా."

అత్త గడప లోపలి నుంచే టీ గ్లాసు అందించింది. వాడు రెండు గుక్కలు తాగి, మెడ చాపి లోపలికి చూసినాడు. డైమండ్ కిటికీ కాడ ఎండలో పడుకోని ఉంది. చూసి, తల తిప్పుకున్నాడు.

"వచ్చే వారం హైదరాబాద్ నుంచి ఇంకో ఆడపిల్లి వస్తాంది. ఈసారి నువ్వు ఆపలేవు ఫుప్పూ."

"తే రా. డాక్టరమ్మ ఫోన్ నంబరు నాకాడ ఉంది" అనింది అత్త, ఖాళీ గ్లాసు అందుకుంటా. "కాకపోతే ముక్కున్నదాన్ని తే. దానికి మత్తు ఇయ్యడం సులువంట."