ఆర్డిస్ ఎంచిన లాంగ్ లేక్

మిన్నెసోటాలో లాంగ్ లేక్ అనే పేరున్న సరస్సులు ఎన్ని ఉన్నాయో అక్కడే పుట్టి పెరిగిన ఆర్డిస్ నైగార్డ్‌కు కూడా తెలియదు. పొడుగ్గా కనబడిన ప్రతి నీటికీ పాతవాళ్ళు ఆ పేరే పెట్టేశారు. గుండ్రంగా ఉంటే రౌండ్ లేక్, అడుగున బురద తగిలితే మడ్ లేక్. పేర్ల కోసం వాళ్ళు పెద్దగా బుర్ర బద్దలుకొట్టుకున్నట్టు లేదు. ఆ బద్ధకం ఎప్పుడో వచ్చి తన మెడకు చుట్టుకుంటుందని ఆర్డిస్ అనుకోలేదు.

ఊరి బడి వంటింట్లో గరిట తిప్పి తిప్పి రిటైరైన మనిషి ఆమె. ఒకేసారి వందలమంది పిల్లలకు వడ్డించిన చెయ్యి కాబట్టి, ఎవరికి ఏది ఎంత కావాలో చూపుతోనే తెలిసిపోతుందని ఇంట్లోవాళ్ళ నమ్మకం. ఏటా జులైలో అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ వాళ్ళ పిల్లలూ కలిసి ఏదో ఒక స్టేట్ పార్కులో వారంపాటు దిగడం తండ్రి పెట్టిన అలవాటు. తండ్రి పోయాక చోటు ఎంచే పని ఆర్డిస్ మీద పడింది. ఎవరూ అప్పగించలేదు. ఆ మొదటి సంవత్సరం ఎవరికీ మనసు లేక ఊరుకుంటే ఆమె ఒక చోటు చెప్పింది, అందరూ వచ్చారు. ఆ తరువాత ప్రతి చలికాలం ఆమె వైపే చూశారు.

టెంటు వేసేవాళ్ళకు నేల కొంచెం మిట్టగా ఉండాలనీ, పైన ఎండుకొమ్మ వేలాడకూడదనీ ఆమె పట్టుబట్టేది. లోపలే వంటా పడకా ఉండే ఆర్వీ బండ్లకు మలుపు వెడల్పుగా ఉండాలి, కరెంటు అందాలి. కింద చదును లేకపోతే లోపల పెనం మీది గుడ్డు పక్కకు జారిపోతుందని తమ్ముడు వెర్లిన్ గొడవచేస్తాడు. అతని జనరేటర్ పక్కన టెంటు పడితే మర్నాడు కాఫీ దగ్గర ఎవరూ ఎవరితో మాట్లాడరు. మరుగుదొడ్లు పిల్లలు పరుగెత్తి చేరుకునేంత దగ్గర్లో ఉండాలి, గాలి ఇటు తిరిగినా వాసన రానంత దూరంలోనూ ఉండాలి. వీటన్నిటికీ నప్పే చోటు ఎక్కడుంటుందో ఆమెకెలా తెలిసేదో తెలియదుగానీ, ఇన్నేళ్ళలో పెద్దగా తప్పింది లేదు.

ఆ ఏడు ఆమె మనసులో లాంగ్ లేక్ మెదిలింది. కూతురు మారిట్ చిన్నప్పుడు ఈత నేర్చుకున్న చోటు. తెల్లటి ఇసుక, నీళ్ళలోకి ముక్కులా చొచ్చుకుపోయిన నేల, దాని కొసన వంకర తిరిగిన ఒక పైన్ చెట్టు, పార్కులోకి రాగానే ఎర్ర రంగు వేసిన చేతిపంపు. కళ్ళు మూసుకుంటే పంపు చప్పుడు కూడా వినబడేది. చలికాలంలో బుకింగులు తెరిచిన పొద్దునే కంప్యూటర్ ముందు కూచుని, పక్కపక్క సైట్లు అన్నీ దొరికించుకుని, అందరికీ కబురు వెళ్ళేలా చేసి, తృప్తిగా లేచింది.

జులైలో బయల్దేరారు. బండి నడుపుతున్నది ఆమె భర్త ఓరిన్. మోకాలు నొప్పి, మాట తక్కువ. కుడివైపు తిరగాల్సిన చోట ఫోను ఎడమకు తిప్పమంది. రోడ్డు కొత్తగా వేశారేమో అనుకుంది ఆర్డిస్. దారిలో ఉండాల్సిన ఐస్‌క్రీమ్ కొట్టు కనబడలేదు. మూసేసి ఉంటారు అనుకుంది. పార్కు బోర్డు వచ్చింది, లాంగ్ లేక్ అనే ఉంది. లోపలికి వెళ్ళాక మాత్రం ఆమెకు ఇంకేం అనుకోవాలో తోచలేదు.

ఇసుక లేదు. గట్టు పొడుగునా రెల్లు, దాని అవతల నీళ్ళను కప్పేసిన తామరాకులు, చెక్కవంతెన మీద ఎండకు కూచున్న తాబేళ్ళు. చూడ్డానికి బాగానే ఉంది, కానీ ఇది తాను ఎన్నడూ చూడని చోటు. గేటు దగ్గరి అమ్మాయిని అడిగితే ఆమె తెరమీద చూసి, సైట్లన్నీ మీ పేరునే ఉన్నాయి, తారీఖులూ సరిపోయాయి అంది. ఇంకేమైనా సాయం కావాలా అని మర్యాదగా అడిగింది. ఏం సాయం కావాలో ఆర్డిస్‌కు తెలిస్తే కదా.

అంతలో వెర్లిన్ ఆర్వీ వచ్చి మలుపులో రెండు చెట్ల మధ్య ఇరుక్కుంది. ముందుకు పోదు, వెనక్కి రాదు. ముగ్గురు మూడు పక్కల నిలబడి మూడు రకాలుగా చేతులూపారు. చివరికి ఓరినే కుంటుకుంటూ వెళ్ళి ఒక్కొక్క అడుగూ చెప్పి బయటికి తీయించాడు. వెర్లిన్ దిగి చెమట తుడుచుకున్నాడు.

"అక్కా, ఈ మలుపు ఇదివరకు కూడా ఇంత ఇరుకేనా?"

"కాదురా."

"మరి చెట్లు పెరిగాయంటావా?"

మారిట్ తన పిల్లలిద్దరికీ ఈత బట్టలు తొడిగి, బకెట్లూ పారలూ పట్టించి గట్టు దాకా వెళ్ళి తిరిగొచ్చింది. "అమ్మా, ఇసుక ఎటువైపు?" అని అడిగింది. ఆ అడగడంలో తప్పుపట్టడం ఏమీ లేదు. అమ్మ చెబితే అటు వెళ్దామని నిలబడిందంతే.

సాయంత్రానికి అందరూ తలా ఒక రకంగా గుర్తుచేసుకోవడం మొదలుపెట్టారు. మనం ఇక్కడికి వచ్చినవాళ్ళమే, నాన్న పడవ బోల్తాపడింది ఈ వంతెన దగ్గరే అన్నాడు వెర్లిన్. అది రౌండ్ లేక్‌లో అన్నాడు ఓరిన్. తాను ఈత నేర్చుకున్న చోట నీళ్ళలోకి జారే బల్ల ఉండేదని మారిట్ అంది. జారే బల్ల ఆర్డిస్‌కు అసలు గుర్తే లేదు. వంకర పైన్ చెట్టు గురించి ఆమె చెబితే ముగ్గురూ తలలూపారుగానీ, ఆ ఊపడం నిజంగా గుర్తొచ్చి ఊపినట్టు లేదు.

ఆర్డిస్ భయం వేరు. వాళ్ళమ్మకు ఈ వయసులోనే మతిమరుపు మొదలైంది. మొదట కూరలో రెండుసార్లు ఉప్పు. తరువాత తెలిసిన దారిలో దారితప్పడం. ఆఖరి రోజుల్లో ఆర్డిస్‌ను ఎప్పుడో పోయిన తన చెల్లెలి పేరుతో పిలిచేది. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. కానీ మారిట్ వచ్చి తల్లి చేతిలోని టెంటు మేకులూ సుత్తీ నెమ్మదిగా తీసుకుని, "నువ్వు కూచోమ్మా, నేను చూసుకుంటా" అంది. ఆ గొంతులోని మెత్తదనానికి ఆర్డిస్ మనసు చివుక్కుమంది. కోప్పడి ఉంటే బాగుండేది.

మర్నాడు పొద్దున ఎవరికీ పెద్దగా చెప్పకుండా ఓరిన్‌ను బండి తీయమంది. గంటకు పైగా దూరంలో ఇంకో లాంగ్ లేక్ ఉంది, అక్కడా క్యాంప్‌గ్రౌండ్ ఉంది. తాను అనుకున్నది అదే అయితే చలికాలంలో వేలు పొరపాటున పక్క పేరు మీద పడిందని సరిపెట్టుకోవచ్చు. అలాంటి పొరపాటు ఎవరైనా చేస్తారు.

అక్కడ ఇసుక ఉంది. తెల్లటి ఇసుకే. ఆర్డిస్ గుండె ఒక్కసారి కుదుటపడింది. చెప్పులు విడిచి నీళ్ళ దాకా నడిచి అటూ ఇటూ చూసింది. గట్టు ఈ చివర నుంచి ఆ చివర దాకా నున్నగా వంపు తిరిగి ఉంది. నీళ్ళలోకి చొచ్చుకుపోయిన నేల ఎక్కడా లేదు. చెట్టు పడిపోవచ్చు, నేల ఎక్కడికి పోతుంది? వెనక్కి వచ్చి, మడతకుర్చీలో కూచుని చేపల గాలానికి దారం ఎక్కిస్తున్న క్యాంపు కాపలా పెద్దాయన్ను చేతిపంపు గురించి అడిగింది.

"పంపా? నేనొచ్చి రెండు వేసవులేనమ్మా. నాకు తెలిసి లేదు," అన్నాడాయన. కాసేపు ఆలోచించి, "ఎర్ర పంపంటే, పడమర పక్కన ఇంకో లాంగ్ లేక్ ఉంది చూడండి, అక్కడ ఉన్నట్టుంది. లేకపోతే అది మడ్ లేకేమో," అన్నాడు.

ఆమె బండి ఎక్కి కూచుంది. ఓరిన్ తాళం తిప్పలేదు.

"పడమరకి పోదామా?" అన్నాడు.

"వద్దు." కొంచెంసేపు అద్దంలోంచి బయటికి చూసింది. "ఓరిన్, నాకూ జ్ఞాపకం పోతోందా? అమ్మకు పోయినట్టు?"

అతను తొందరపడి కాదనలేదు. కాదంటే ఆమె నమ్మేది కాదు. స్టీరింగ్ మీద బొటనవేలితో కాసేపు రాసి, "నాకు తెలీదు ఆర్డిస్," అన్నాడు. "నువ్వు ఎటు తిప్పమంటే అటు తిప్పుకుంటూ వచ్చా ఇన్నేళ్ళూ. నేనెప్పుడూ చుట్టూ చూడనేలేదు. ఆ ఇసుక ఎక్కడుందని నన్నడిగితే నేనూ చెప్పలేను. అంటే నాకూ పోయినట్టేనా?"

అది ఓదార్పో కాదో ఆమెకు అర్థం కాలేదు. దారి పొడుగునా దాన్నే అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

తిరిగొచ్చేసరికి వెర్లిన్ తన ఆర్వీ చక్రాల కింద చెక్కలు పెట్టి ఎలాగో చదును చేసుకున్నాడు. పిల్లలు రెల్లులో మోకాళ్ళదాకా దిగి కప్పలు పడుతున్నారు, బురదతో ఎవరు ఎవరో పోల్చుకోలేనట్టున్నారు. పొద్దు వాలుతుండగా మంట చుట్టూ కూచుని, రేకు డబ్బాలో వేడిచేసిన బంగాళాదుంపలూ మాంసమూ కలిపిన హాట్‌డిష్ తిన్నారు. దోమలు మనుషులను తిన్నాయి. అందరి చేతుల్లోనూ పళ్ళాలు ఉన్నప్పుడే ఆర్డిస్ చెప్పేసింది.

"తప్పు నాదే అయ్యుండొచ్చు. నేను ఏ లేక్ అనుకున్నానో నాకే తెలీడం లేదు. రెండోది కూడా చూసొచ్చా. అదీ కాదు."

వెర్లిన్ చెంచా పళ్ళెంలో పెట్టాడు.

"నేను చూశానక్కా," అన్నాడు. "చలికాలంలో నువ్వు పంపిన కబురులో మ్యాప్ ఉంది. దూరం తేడాగా ఉందే అనుకున్నా. మళ్ళీ, అక్క కదా చేసింది అని ఊరుకున్నా."

మారిట్ ఆ కబురు తెరిచి చూడనే లేదట. ఓరిన్ సంగతి తెలిసిందే. ఆర్డిస్ వాళ్ళ ముఖాలు ఒక్కొక్కటే చూసింది. తనను ఇంతగా నమ్మినందుకు సంతోషించాలా, ఒక్కరూ పట్టించుకోనందుకు కోప్పడాలా? రెండూ ఒకేసారి వచ్చి దేనికీ మాట దొరకలేదు. ఇంకొంచెం హాట్‌డిష్ కావాలా అని తమ్ముణ్ణి అడిగింది. ఈ ఊళ్ళలో మాట దొరకనప్పుడు అడిగేది అదే. అతను కావాలన్నాడు.

ఆకులు రాలాక మారిట్ తల్లిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. డాక్టరు గడియారం బొమ్మ వేయమంది, కొన్ని మాటలు చెప్పి కాసేపాగి మళ్ళీ చెప్పమంది. మీ వయసుకు ఇది మామూలే, అయినా వచ్చే ఏడు మరోసారి చూద్దాం అంది. మారిట్ బండిలో కూచుని హమ్మయ్య అని ఊపిరి వదిలింది. ఆర్డిస్‌కు మాత్రం తాను బాగున్నట్టో, ఇంకా పాడవనట్టో తేలలేదు. రెండింటికీ తేడా ఏమిటని అడగాలనుకుని, కూతురి ముఖం చూసి మానుకుంది.

బుకింగులు తెరిచే రోజులు వచ్చాయి. ఈసారి అందరూ మారిట్ ఇంట్లో కలిశారు. ఎవరి ఫోను వాళ్ళు పట్టుకుని, ఎవరికి నచ్చిన సరస్సు వాళ్ళు చదివారు. కరెంటు ఉన్నచోట ఇసుక లేదు. ఇసుక ఉన్నచోట టెంట్లకు నీడ లేదు. నీడ ఉన్నచోట ఆర్వీ తిరగదు. పిల్లలు కప్పల లేక్ కావాలని అరిచారు. వెర్లిన్ ఆ మలుపు పేరెత్తితే చాలు లేచి వెళ్ళిపోతానన్నాడు. చీకటి పడేదాకా తేల్చలేక, అలవాటు కొద్దీ అందరూ ఆమె వైపు తిరిగారు.

"నువ్వే చెప్పక్కా," అన్నాడు వెర్లిన్.

"నాకు తెలీదురా," అంది ఆర్డిస్. ఆ మాట అంత సులువుగా నోట్లోంచి వస్తుందని ఆమె అనుకోలేదు. వచ్చాక ఒళ్ళు తేలికైనట్టూ, తన కుర్చీ ఎవరో కొంచెం వెనక్కి జరిపినట్టూ అనిపించింది.

చివరికి మారిట్ ఒక చోటు ఎంచింది. ఉత్తరాన, ఎవరూ ఎప్పుడూ వెళ్ళని సరస్సు. జులైలో వెళ్తే ఆర్వీలు సుఖంగా నిలిచాయి. టెంట్లు పల్లంలో పడ్డాయి. మూడోనాడు తెల్లవారుజామున కుండపోతగా వాన కురిసి, మారిట్ టెంట్లోకి నీళ్ళు వచ్చేశాయి. వాన వెలిశాక ఆర్డిస్ చూసేసరికి కూతురు తడిసి ముద్దైన దుప్పటి చేతుల్లో పట్టుకుని చెట్టు కింద నిలబడి ఉంది. ఏడవడం లేదు, నవ్వడం లేదు.

"ఇదంతా ముందే ఎలా తెలుస్తుందమ్మా? నీకెలా తెలిసేది?"

ఆర్డిస్ నిజంగానే ఆలోచించింది. పాత సంవత్సరాలన్నీ వెతికింది. మిట్టగా ఉన్న నేల, చెట్టు నీడ, అమ్మా ఇటు అమ్మా అటు అని పరుగెత్తిన పిల్లలు, అన్నీ గుర్తున్నాయి. ఎలా తెలిసిందన్నది మాత్రం అందులో ఎక్కడా దొరకలేదు.

"నాకూ తెలిసేది కాదేమోనే," అంది. "ఏదో ఒకటి చెప్పేదాన్ని. మీరు వచ్చేవాళ్ళు."

మారిట్ తల్లి ముఖంలోకి చూసింది, ఇది మతిమరుపో నిజమో పోల్చుకోలేక. ఆర్డిస్ దుప్పటి ఒక కొస అందుకుంది. "పిండుదాం, గట్టిగా పట్టుకో, నువ్వు అటు తిప్పు," అంది. ఇద్దరూ ఒకే వైపు తిప్పారు. దుప్పటి మెలిపడలేదు. మళ్ళీ మొదలుపెట్టారు.