పళ్ళు బిగిస్తే మూసుకునే కన్ను

మా వైపు ఆ జబ్బును పేరు పెట్టి పిలవరు. పెద్దరోగం అంటారు, అది కూడా గొంతు తగ్గించి. నాకది పెళ్ళయిన కొత్తలోనే వచ్చింది. కడప దగ్గరి మిషన్ ఆసుపత్రిలో కొత్తగా వచ్చిన మాత్రలు ఏళ్ళ తరబడి మింగాను. ఒంటి మీది మచ్చలు పోయాయి. నీలో ఇంక పురుగు లేదు, ఎవరికీ అంటదు అని చెప్పి ఇంటికి పంపారు. అయితే ఆ జబ్బు పోతూ పోతూ నా ముఖంలో కుడివైపు నరాన్ని చంపి పోయింది. కుడికన్ను మూతపడేది కాదు. నిద్రలో కూడా తెరుచుకునే ఉండేది.

మొగుడు అప్పటికే ఇంకో పెళ్ళి చేసుకున్నాడు. రాయచోటి దగ్గర మా అన్న ఇంట్లో ఉండేదాన్ని. అన్న చెడ్డవాడు కాదు. కూడు పెట్టాడు, గుడ్డ పెట్టాడు. ఇంటికి ఎవరైనా వస్తే మాత్రం నన్ను గింజల కొట్లో కూర్చోమనేవాడు. ఆయన పెద్దకూతుర్ని చూడ్డానికి పెళ్ళివాళ్ళు వచ్చిన రోజూ అంతే.

"కొంచేపే మ్మే, వాళ్ళు పొయ్యేదాకా," అన్నాడు.

కొర్రల మూటల మధ్య కూర్చుని బయట వాళ్ళ నవ్వులు విన్నాను. నా సంగతి ఊళ్ళో ఎవరో చెప్పారట, ఆ సంబంధం తప్పిపోయింది. వదిన నన్నొక మాట అనలేదు. ఆ సాయంత్రం నుంచి నా చెంబు మాత్రం వేరే పెట్టింది.

మర్నాడు పొద్దున్నే గుడ్డలు మూట కట్టుకున్నాను. వాకిట్లో అన్న అడ్డం వచ్చాడు.

"యాడికి పోతాండావు?"

"కడపకు. ఈ కంటికి ఏమన్నా చేస్తారేమో అడుగుతా."

"రోగం పోయింది గదా. ఇంకేముండాది ఆడ?"

"రోగం పోయిందని నీకు తెలుసు గదన్నా. మరి కొట్లో ఎందుకు కూర్చోబెట్నావు?"

అన్న పక్కకు జరిగాడు.

కర్నూలు మన రాజధానిగా ఉన్న రోజులవి. ఆసుపత్రిలో మద్రాసు వైపు నుంచి వచ్చిన ఆపరేషన్ల డాక్టరు ఒకాయన ఉండేవాడు. వంకరపోయిన వేళ్ళు చాపడం, కుంగిన ముక్కులు లేపడం, వాటిలో కొత్త పద్ధతులు వెతకడం ఆయన పని. నా కంట్లోకి లైటు వేసి చూశాడు. నల్లగుడ్డు మీద తెల్లమచ్చ మొదలైంది, ఈ దుమ్ముకూ ఎండకూ చూపు ఎక్కువకాలం నిలవదు అన్నాడు. తర్వాత నా కణత మీద వేళ్ళు పెట్టి పళ్ళు బిగించమన్నాడు.

"ఇక్కడ కండ కదులుతుంది, తెలుస్తుందా? ముఖాన్ని కదిపే నరం చచ్చింది. నమిలే నరం వేరు, అది బాగుంది. ఈ కండలో ఒక పీలిక తీసి, చర్మం కిందుగా రెప్పల్లోకి లాగి కుడతాను. అప్పుడు పళ్ళు బిగిస్తే కన్ను మూసుకోవాలి."

"మూసుకుంటాదా?"

"తెలియదమ్మా. పుస్తకంలో ఉంది. వేరేచోట చేశారు. నేను ఇంతవరకు చేయలేదు."

ఆ మాట నాకు నచ్చింది. తెలియదని ఒప్పుకున్న మగవాణ్ణి అంతకుముందు నేను చూడలేదు.

"చెయ్యండి సార్. అయితే ఒకటి. నా ముఖం గురించి మీరు ఏం మాట్లాడుకున్నా నాకూ తెలిసే మాటల్లో చెప్పాల. నన్ను ఎదురుగా పెట్టుకొని ఇంగ్లీషులో మాట్లాడితే లేచి పోతా."

ఆయన నవ్వలేదు. సరే అన్నాడు.

ముఖం వరకే మత్తుసూది వేసి, మెలకువలోనే చేశారు. నొప్పి లేదు గానీ చర్మం కింద ఏదో లాగుతున్నట్టు తెలిసింది. వాపు తీసేదాకా రాగిజావ తాగి గడిపాను. తర్వాత అద్దం ముందు కూర్చోబెట్టి పళ్ళు బిగించమన్నారు. ఏమీ కాలేదు. ఆ మర్నాడూ కాలేదు, ఆ తర్వాతా కాలేదు. చివరికి డాక్టరు కూడా డీలా పడ్డాడు.

"కుదరలేదేమోనమ్మా," అన్నాడు.

"మీకు విసుగొస్తే మీరు పోండి సార్. నాకింకా రాలేదు," అన్నాను.

ఒక పొద్దున మంచం మీద కూర్చుని వేయించిన శనిక్కాయలు నములుతుంటే కుడివైపు ఉన్నట్టుండి చీకటైంది. మళ్ళీ వెలుతురు. మళ్ళీ చీకటి. ఆ వైపు నాకు చీకటన్నది తెలిసి ఎన్నాళ్ళయిందో. నోట్లో పిండిని మింగకుండా అట్లే నములుతూ ఏడ్చాను.

తర్వాత వేరే ఊళ్ళ డాక్టర్లు నన్ను చూడ్డానికి వచ్చారు. మా డాక్టరు మాట తప్పలేదు. వాళ్ళకు చెప్పిందంతా తెలుగులో నాకూ చెప్పాడు. ఫోటోలు తీశారు. డాక్టర్ల పత్రికలో వేసేటప్పుడు ఎవరూ గుర్తుపట్టకుండా కళ్ళ మీద నల్లపట్టీ వేస్తామన్నాడు.

"మీరు బాగుచేసింది కన్నే గదా. దాన్నే కప్పేస్తే వాళ్ళేం చూస్తారు?"

"నీ మంచికేనమ్మా."

"మా అన్న కొట్లో కూర్చోబెట్టింది గూడా నా మంచికేనంట. నాకు పట్టీ వద్దు."

పట్టీ లేకుండానే వేశారు.

నేను ఇంటికి వచ్చేసరికి అన్న కూతురికి ఇంకో సంబంధం వచ్చి ఉంది. వాళ్ళు వచ్చిన రోజు అన్న నా వైపు చూశాడు గానీ కొట్లోకి పొమ్మనలేదు. నేను పోయి ఆడవాళ్ళ పంక్తిలో కూర్చున్నాను. ఈ కొత్త కన్నుకు ఒక గుణం ఉంది, ముద్దముద్దకూ మూసుకుంటుంది. ఓళిగ తింటుంటే ఎదురుగా కూర్చున్న పెళ్ళికొడుకు అవ్వ నన్నే చూసింది.

"ఏమ్మా, ఊరికే కన్ను కొడ్తాండావు?"

వడ్డిస్తున్న వదిన గబగబా అవ్వ విస్తట్లో ఇంకో ఓళిగ వేసింది.

"నాకు పెద్దరోగం వచ్చి పోయిందవ్వా. ముఖంలో నరం చచ్చింది. నమిలే కండ తెచ్చి కంటికి కుట్నారు. అందుకే తినేటప్పుడు మూసుకుంటాది. ఎవరికీ అంటదు."

ఇద్దరు ఆడవాళ్ళు విస్తళ్ళ ముందు నుంచి లేచిపోయారు. అవ్వ లేవలేదు. శానా నొప్పి పుట్టిందా అని అడిగి, నా కణత మీది కుట్లగీత వేలితో తడిమి చూసింది.

కొన్నాళ్ళకు వాళ్ళ దగ్గర్నుంచి కబురు వచ్చింది. పిల్ల నచ్చింది, అయితే పెళ్ళిలో మేనత్త కనపడకూడదు అని. కబురు తెచ్చిన మనిషి వాకిట్లో ఉండగానే అన్న ఆ మాట నాకు చెప్పాడు. తర్వాత ఆ మనిషి వైపు తిరిగి అన్నాడు:

"మా చెల్లెలు పెండ్లిలో ఉంటాది. ఇష్టమైతేనే రమ్మను."

వాళ్ళు వచ్చారు. అవ్వే పట్టుబట్టి వాళ్ళను తెచ్చిందని తర్వాత తెలిసింది. కొందరు చుట్టాలు మాత్రం రాలేదు. వచ్చినవాళ్ళకు నేనే వడ్డించాను.