పడుగుకు మూసిన వీధి

మొన్న హిందూపురంలో మా చిన్నవాడి ఇంట్లో చాప పరుచుకుని అనపకాయలు ఒలుస్తూ కూర్చున్నాను. టీవీలో ఎవరో దూరదేశపు నాయకుణ్ణి చూపిస్తున్నారు. బయటినుంచి బతకడానికి వచ్చినవాళ్లు మా దేశానికి బలమని ఆయన ఒకప్పుడు అన్న మాటనూ, ఇకమీదట ఒక్కరినీ రానివ్వనని ఇప్పుడంటున్న మాటనూ పక్కపక్కన పెట్టి చూపించారు. ఆయనకు ఓట్లేసినవాళ్లే వీధుల్లోకొచ్చి అరుస్తున్నారు. మా కోడలు పడీ పడీ నవ్వి, "ఈయప్ప నాలికకు నరమే లేదు చూడత్తా" అంది. నాకు నవ్వు రాలేదు. ఎదుటివాళ్ల ముఖం చూడకుండా వాళ్ల తలల మీదుగా ఎక్కడికో చూస్తూ మాట్లాడే ఆ తీరు నేను బాగా ఎరుగుదును. మా మేనమామ కూడా ఒకప్పుడు అట్లాగే చూసేవాడు.

మా నాయన నేను పసిపిల్లగా ఉండగానే పోతే, అమ్మనూ నన్నూ ధర్మవరం తెచ్చుకుని తన ఇంట్లో పెట్టుకున్నవాడు ఆయన. పెద్దయ్యాక తన కొడుక్కే నన్ను చేసుకున్నాడు గనుక మేనమామా ఆయనే, మామగారూ ఆయనే. ముందుగదిలో మగ్గం గుంతలో కాళ్లు పెట్టి కూర్చుని పట్టుచీర నేస్తూ, కిటికీలోంచి వీధిలో పోయేవాళ్లందరినీ పలకరించేవాడు. ఆ పలకరింపులే ఆయన్ను పంచాయతీ మెంబరును చేశాయని మా అత్త ఎగతాళి చేసేది. మనిషి మంచివాడు, ఇది నేను మేనకోడలిగా అంటున్న మాట కాదు. ఎవరైనా ఎదురుగా వచ్చి నిలబడి అడిగితే కాదనడం ఆయనకు చేతనయ్యేది కాదు, అందరికీ ఔననేవాడు. మంచితనమే అనుకున్నాం మేమందరం.

మగ్గం ఎరగనివాళ్ల కోసం ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. చీరకు నిలువుపోగులన్నీ కలిపి పడుగు అంటారు. మా రోజుల్లో పడుగును మగ్గానికి ఎక్కించేముందు గంజిలో తడిపి, తెల్లవారే వేళకు వీధి పొడుగునా సాచేవాళ్లం. మధ్యమధ్య కర్రలు నిలబెట్టి, ఇటు కొసా అటు కొసా మనుషులు లాగి పట్టుకుంటే, మిగతావాళ్లు గంజి ఆరేలోపు పోగుకు పోగు విడదీయాలి. ఆలస్యమైతే పోగులు అట్టకట్టి పడుగంతా పాడైపోతుంది. ఇది ఒక ఇంటివాళ్లతో అయ్యే పని కాదు. అందుకని ఎవరి పడుగైనా సరే, వీధిలో ప్రతి ఇంటినుంచీ ఒకరు వచ్చి చెయ్యి వేసేవాళ్లు. మీ గడప ముందు పోగు తెగితే మీరే అతకాలి. దానికి కూలి లేదు, పిలుపు లేదు. సూర్యుడు పైకొచ్చేసరికి వీధంతా ఎరుపూ పసుపూ రంగులు పరిచి ఉండేవి, బండివాళ్లు ఆ చివరే ఆగి బీడీ కాల్చుకుంటూ కూర్చునేవాళ్లు.

వానలు వరసగా ఎగ్గొట్టిన ఆ ఏళ్లలో మడకశిర దాటి మైసూరు వైపు పల్లెలనుంచి నేతవాళ్లు వలస వచ్చారు. హిందూపురంలో దిగి పని అడిగి, పెనుకొండలో దిగి అడిగి, చివరికి మా ధర్మవరం స్టేషన్లో మగ్గం దూలాలు నెత్తిన పెట్టుకుని దిగారు. రైలు కట్టకు అవతల రాళ్లనేల మీద గుడిసెలు వేసుకున్నారు. మగ్గాలైతే పెట్టుకున్నారు గానీ, పడుగు సాచడానికి అక్కడ నాలుగు బారల చదును కూడా లేదు. అప్పుడు మా మామ తానే కట్ట దాటిపోయి పిలుచుకొచ్చాడు. "మనూరికొచ్చినాక మనోళ్లే. మా వీధిలోనే సాచుకోండి, అడ్డమొచ్చేటోడెవడో నేను చూస్తా" అన్నాడు. అనడమే కాదు, వాళ్ల మొదటి పడుగుకు రెండో కొస పట్టుకుని నిలబడ్డది ఆయనే. ఆ వేళ ఆయన్ను చూసి నాకెంత గర్వమయిందో చెప్పలేను.

ఆ మొదటి పడుగు తెచ్చిన దంపతుల్లో ఆమెది నా ఈడే. వచ్చిన రోజే నన్ను వదినా అని పిలిచింది, ఏ వరసనో నేనూ అడగలేదు, ఆమే చెప్పలేదు. అప్పట్లో నేను అచ్చు అతికే పనికి పోతుండేదాన్ని. అయిపోయిన పడుగు కొసలకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా, వేళ్లకు బూడిద అద్దుకుని మెలితిప్పి అతకడం ఆ పని. ఆమె చెయ్యి నా చెయ్యి కన్నా చురుకు. ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని అతుకుతూ ఉంటే, సగం తెలుగు సగం కన్నడం కలిపి ఆమె చెప్పే కబుర్లకు నా పోగులు తప్పిపోయేవి. సంగటి నాకన్నా బాగా చేసేది, పాటలు నాకన్నా అన్యాయంగా పాడేది. నాకు తోడబుట్టినవాళ్లు లేరు, ఆ కొరత తెలియకుండా గడిచిన కాలం అదే.

మునిసిపాలిటీ వచ్చి, మా మామ కౌన్సిలరుగా నిలబడ్డ ఓట్లు దగ్గరపడేనాటికి గాలి మారింది. వలసవాళ్లు ఆకలి మీద ఉన్నారు గనుక తక్కువ కూలికి నేస్తామన్నారు, పట్టు ఇచ్చే షావుకార్లు పని వాళ్లకే ఇవ్వసాగారు. మా వీధిలో కొన్ని మగ్గాలు ఆగిపోయాయి. ఆగినవాళ్ల బాధ అబద్ధమని నేనను, మా పక్కింట్లో పిల్లలు మా ఇంటికొచ్చి గంజి తాగి పోయేవాళ్లు. కూలి తగ్గించిన షావుకారును అడగడానికి ఎవరికీ నోరు పెగల్లేదు, కోపమంతా కట్ట అవతలివాళ్ల మీదికి మళ్లింది. సాయంత్రాలు మా అరుగు మీదికి జనం వచ్చి వాళ్లను మన వీధిలో సాచనివ్వొద్దనడం, మా మామ అందరికీ ఔననడం మొదలైంది. మా అత్త ఆయనతో నేరుగా అనలేక పొయ్యితో చెప్పినట్టు, "పిలిచి ఆకేసినోళ్లే లెయ్యమంటే, కూర్చున్నోళ్లు యాడికి పోవల్ల" అంది. ఆయన తల వంచుకుని, "వాళ్లకు ఓట్లు యాడుండాయి? ఓట్లుండేది ఈళ్లకు" అన్నాడు.

వీధి మొదట్లో పందిరేసి మీటింగు పెట్టారు. అందరూ వింటుండగా, అందరి తలల మీదుగా చూస్తూ, ఈ వీధి ఈ వీధివాళ్లదేననీ, పై ఊళ్లనుంచి వచ్చినవాళ్ల పడుగు రేపటినుంచి ఇక్కడ సాచడానికి లేదనీ మా మామ చెప్పాడు. చప్పట్లు మా ఇంట్లోకి వినిపించాయి. నేనప్పుడు పురిటిమంచం మీద ఉన్నాను.

ఆ కబురు అందలేదో, అందినా ఈయన నిజంగా అంటాడా అనుకున్నారో గానీ, మరునాడు పొద్దున్నే ఆ ఆలుమగలు గంజిలో తడిపిన పడుగును భుజాన వేసుకుని వచ్చారు. పెళ్లి చీరల పడుగది, మంచి కుంకుమ రంగు. కిటికీలోంచి నాకంతా కనిపించింది. మొదటి కొస కట్టి, ఆమె మొగుడు రెండో కొస పట్టుకుని వీధి మధ్య నిలబడ్డాడు. ఒక్క తలుపూ తెరుచుకోలేదు. మా మామ అరుగు మీదే ఉన్నాడు, ఎక్కడో చూస్తున్నాడు. ఆమె పరుగున ఈ గడప దగ్గరికీ ఆ గడప దగ్గరికీ పోయి, "అమ్మా, ఆరిపోతాండాది, ఈ ఒక్కపొద్దుకు పట్టుకోండమ్మా" అని బతిమాలుతోంది. చివరికి మా అత్త కొంగు బిగించుకుని మెట్లు దిగిపోయి పోగులు విడదీయబోయింది. ఇద్దరు ఆడవాళ్ల చేతులకు అంత పొడుగు పడుగు ఎక్కడ లొంగుతుంది? ఎండ పడేసరికి సగం పట్టు అట్టలాగా అయిపోయింది. ఆమె పడుగును చుట్ట చుట్టుకుని, మా కిటికీ వైపు ఒకసారి చూసి, మొగుడి వెనకాలే పోయింది. ఆ చూపు తలచుకుంటే ఇప్పటికీ నాకు అన్నం సయించదు.

పట్టు పాడైనవాళ్లకు షావుకారు మళ్లీ పట్టు ఇవ్వలేదు. వాళ్లు ఊరొదిలి పోయారని, ఎటు పోయారో తెలియదని చెప్పారు.

ఇంతలో ఇంకో సంగతి బయటపడింది. కట్ట అవతలివాళ్లకూ ఓట్లు వచ్చాయట, అవీ తక్కువేమీ కాదట. మా మామ ఒక మధ్యాహ్నం ఎవరికీ చెప్పకుండా కట్ట దాటి, "ఈ ఓట్లు కానీండి, మళ్లా నేనే వచ్చి మీ పడుగు కొస పట్టుకుంటా" అని వాళ్లకు మాటిచ్చి వచ్చాడు. ఇటువాళ్లకు తెలియదనుకున్నాడు. అచ్చు అతికే ఆడవాళ్లు ఇటూ అటూ రెండు వైపులా పనికి పోతారన్నది, పుట్టిననాటినుంచి మగ్గం మీదే బతికిన మనిషికి గుర్తు లేకపోయింది. మా నోళ్లకు తాళం వేయగలవాడు ఇంకా పుట్టలేదు. మా వీధిలో అందరూ అవ్వా అని పిలిచే ముసలామె అక్కడ విన్నది ఇక్కడా, ఇక్కడ విన్నది అక్కడా పోగుకు పోగు కలిపినట్టు చెప్పేసింది.

ఓట్లనాడు రెండు వైపులా ఆయన్ను కాదన్నారు. మా వీధివాళ్లు మాకొక మాట వాళ్లకొక మాట అన్నారు, అవతలివాళ్లూ అదే అన్నారు. ఎదురు నిలబడ్డ ఆసామి పడుగు ఊసే ఎత్తకుండా, అందరికీ కొళాయిలు వేయిస్తానని చెప్పి సులువుగా గెలిచాడు. గెలిచాక వలసవాళ్లకు వీధి తెరవనూ లేదు, తెరవమని అడిగినవాళ్లూ లేరు. మా మామను ఎవరూ ఒక్క తిట్టు తిట్టలేదు. మా పడుగు సాచిన పొద్దున ఎప్పటిలాగే ఇంటికొకరు వచ్చి చెయ్యి వేశారు. కాకపోతే ముందు ఉండే ఎగతాళి మాటలు లేవు, పని కాగానే ఎవరిదారిన వాళ్లు పోయారు. తిట్టి ఉంటే ఆయనకు ఇంకాస్త తేలిగ్గా ఉండేదేమో.

ఆ తర్వాత చాలారోజులు ఆయన కిటికీ మూసుకునే నేశాడు. ఒకరోజు గడ్డపార తీసి, ముందుగదిలో తన మగ్గం పక్కనే ఇంకో గుంత తవ్వడం మొదలుపెట్టాడు. మా ఆయన తవ్వుతానంటే ఇవ్వలేదు. వయసు మీద పడ్డ మనిషి, నాలుగు పోట్లకోసారి కూర్చుని ఆయాసపడుతూ తానే తవ్వాడు. అంచులు మెత్తి, కాళ్లు పెట్టుకునే చోటు నున్నగా చేశాడు. అయ్యాక నాతో, "వాళ్లు పెనుకొండలో ఉండారంట. నువ్వు రా, నీ మాటైతే ఇంటుంది" అన్నాడు. అప్పటికి మళ్లీ ఓట్లు దగ్గరలో లేవు, ఉన్నా నిలబడనని ఆయన ఇంట్లో ఎప్పుడో తేల్చేశాడు.

నా పిల్లవాణ్ణి చంకన వేసుకుని ఆయనతో రైలెక్కాను. పెనుకొండలో కొండకోట కింద, బెంగళూరు పోయే రోడ్డుకు కంకర కొడుతున్నచోట కనిపించారు వాళ్లు. ఆమె గంప దించి, నవ్వి, ముందు బిడ్డనెత్తుకోబోయి, చేతులు చూసుకుని ఆగిపోయింది. "గీసుకుంటాది వదినా" అంది. అరచేతులు గరుకు తేలి పగిలి ఉన్నాయి. ఆ వేళ్లకు ఇక పట్టుపోగు తగిలితే చిక్కుకుని తెగుతుందని నాకు చూడగానే తెలిసింది, పక్కనున్న మా మామకూ తెలిసింది. ఆయన అన్నీ మనసులో పేర్చుకుని వచ్చినవాడు, నోరు తెరిచేలోపే ఆమె మొగుడు సుత్తి పక్కన పెట్టి, చేతులు కట్టుకుని, ఎంతో మర్యాదగా అడిగాడు.

"ఏమప్పా, మళ్లా ఓట్లొస్తాండాయా? వేస్తాములే. దానికి ఇంతదూరం రావల్లనా?"

ఎత్తిపొడుపు కాదది. నిజంగానే అందుకొచ్చాడనుకున్నాడు. నేను గుంత సంగతి చెప్పబోతే మా మామ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "ఊరికే, చూసి పోదామని వచ్చినాం" అన్నాడు. వాళ్లిచ్చిన మజ్జిగ తాగి, సాయంత్రం బండికి తిరిగి వచ్చేశాం.

ఇప్పుడు వీధుల్లో పడుగులు సాచడం లేదు, అదంతా మిషన్ల మీదే అయిపోతోంది. ధర్మవరంలో ఎక్కడెక్కడివాళ్లో నేస్తున్నారు, ఏ ఊరని అడిగేవాళ్లు లేరు, అది మంచిదే. ఒకరి గడప ముందు తెగిన పోగును ఇంకొకరు వంగి అతికే అవసరమూ లేదు, అది మంచిదో కాదో నాకు తెలియదు. నాయకులు ఇవాళ ఒకటి రేపొకటి చెబుతుంటే మా కోడలి ఈడువాళ్లు నవ్వేసి చానెల్ మార్చగలుగుతున్నారు. మేం మార్చలేకపోయాం, మాట మార్చినవాడు మా ఇంట్లో మా పక్కన కూర్చుని అన్నం తిన్నవాడు గనుక. ఆయన ఉన్నన్నాళ్లూ ఆ గుంతను పూడ్చనివ్వలేదు, అందులో ఎవరినీ కూర్చోనివ్వనూ లేదు. రమ్మన్న మాటా, వద్దన్న మాటా ఊరంతా విన్నది. ఓట్లతో పనిలేకుండా మళ్లీ రమ్మనడానికి పెనుకొండ దాకా పోయిన ఆ ఒక్కనాడు, ఆ మాట వినవలసిన ఇద్దరికీ చెప్పకుండానే తిరిగొచ్చాడు. ఆ ఇద్దరూ ఎక్కడున్నారో, ఉన్నారో లేరో, ఇప్పుడు నేనెవరికి చెప్పను?