చల్లని బల్బు లెక్క

ఏడేళ్లుగా ఒక అంకెను మోస్తున్నాను. ఏడువందల యాభై ఆరు వాట్లు. ఇంట్లో చెప్పలేదు, పనిచేసే చోట చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. నా పేరు రాయను. ఆమె పేరు మార్చాను. అది మర్యాద కోసమో, భయం కొద్దీనో నాకే తెలియదు.

అప్పుడు నేను డిప్లొమా ఆఖరి ఏడు చదువుతున్నాను. నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో, మేడ మీద గది. పక్క గదిలో యాదమ్మక్క ఉండేది. అఫ్జల్‌గంజ్ దగ్గర ఒక దవాఖానలో ఆయా. భర్త లేడు, పిల్లలు లేరు. ఒంటరి ఆడమనిషినని ఎవరూ గది ఇవ్వలేదనీ, ఈ గది కోసం ఆర్నెల్లు తిరిగాననీ ఒకసారి తనే చెప్పింది. మా రెండు గదులకూ కలిపి ఒకటే ఫ్యూజు. ఇంటాయన కింద ఉండేవాడు, రిటైరైన కచేరీ గుమాస్తా. ఆయన షరతు ఒక్కటే. గదికి ఒక బల్బు. హీటరు వాడినట్టు తేలితే నెలాఖరుకు ఖాళీ చేయాలి.

నేను వాడాను. ఆబిడ్స్‌లో ఫుట్‌పాత్ మీద కొన్న పాత కాయిల్ హీటరు, పదిహేనువందల వాట్లు. పొద్దున ఏడింటికి స్నానానికి నీళ్లు కాచుకుని, చల్లారాక ట్రంకుపెట్టెలో దాచేవాణ్ణి. యాదమ్మక్కకు తెలుసు. ఒకరోజు నా కిటికీలోంచి మబ్బులా వస్తున్న ఆవిరి చూసి, "ఏంది తమ్మీ, మొగులు నీ రూముల్నే పుడ్తున్నదా?" అని నవ్వింది. ఆ మాట మెట్లు దిగి ఇంటాయన దాకా పోలేదు.

చలి ముదిరాక వారంలో మూడుసార్లు ఫ్యూజు పోయింది. ఇంటాయన పైకొచ్చి నా గుమ్మంలో నిలబడ్డాడు. "ఇంజనీర్ సాబ్, నా కరెంటు ఎవరు తింటున్రో నీ సదువుతోని జర పట్టియ్యి" అన్నాడు.

అప్పుడే చెప్పేయవచ్చు. పరీక్షలు మూడు వారాల్లో ఉన్నాయి. గది పోతే ఎక్కడ కూర్చుని చదవాలి? రేపు చూస్తానన్నాను. నిజం చెప్పడానికి నాకు ఒక పూర్తి రోజు దొరికింది, ఆ రోజంతా అబద్ధాన్ని తప్పుల్లేకుండా కట్టుకోవడానికి ఖర్చుపెట్టాను.

బల్బులోని తీగ చల్లగా ఉన్నప్పుడు కరెంటును అడ్డుకునే గుణం, అంటే నిరోధం, చాలా తక్కువ. వెలిగి కాలుతున్నప్పుడు అది పది పన్నెండు రెట్లు పెరుగుతుంది. ల్యాబులో అడుగుపెట్టిన ప్రతివాడికీ ఇది తెలుసు. వాళ్లిద్దరికీ తెలియదు.

ల్యాబు నుంచి వోల్టులు కొలిచే మీటరు ఒకటి, కరెంటు కొలిచేది ఒకటి, రెండు టార్చి సెల్లు తెచ్చాను. పట్టపగలు, మెయిన్ ఆపి, ఇంటాయన చూస్తుండగా మొదట నా గది తీగకు తగిలించాను. స్విచ్చి వేయలేదు. ముల్లు కదల్లేదు. తర్వాత యాదమ్మక్క గది తీగ. అక్కడ బల్బు స్విచ్చి వేసి ఉంచాను. మూడు వోల్టులకు నలభై మూడు మిల్లీ ఆంపియర్లు. వోల్టులను కరెంటుతో భాగిస్తే నిరోధం డెబ్బై ఓములు. ఆ డెబ్బై ఓముల మీదికి రెండువందల ముప్పై వోల్టులు వస్తే మూడుంబావు ఆంపియర్లు దాటుతుంది. మళ్లీ వోల్టులతో గుణిస్తే ఏడువందల యాభై ఆరు వాట్లు. కాగితం మీద వరుసగా వేసి, కింద రెండు గీతలు గీశాను. ఈ తీగ మీద ఎక్కడో హీటరు ఉందన్నాను. సూత్రం సరైనదే, గుణకారం సరైనదే. అది అరవై వాట్ల బల్బు. దాని గాజు మీదే అచ్చు వేసి ఉంది. ఎవరూ తల పైకెత్తి చూడలేదు.

గది వెతికారు. కిరోసిన్ స్టవ్వు, రేకుపెట్టె, రెండు చీరలు. ఇంకేమీ దొరకలేదు. దొరకకపోతే ఇంకెక్కడో దాచి ఉంటుందని, కాగితం అబద్ధం చెప్పదని ఇంటాయన అన్నాడు. యాదమ్మక్క ఆయనతో వాదించలేదు. నా వైపు తిరిగింది.

"తమ్మీ, గా లెక్క తప్పు గాదు గద?"

"లెక్కలో తప్పు లేదక్కా."

"సదువుకున్నోనివి. నువ్వంటే గంతే."

అంటూ ఒక్కసారి నా కిటికీ వైపు చూసింది. అంతే. ఆవిరి సంగతి ఆమె ఎందుకు చెప్పలేదు? నా పరీక్షల కోసమా? చెప్పినా ఆయా మాట ఎవరూ నమ్మరనా? లేక నిజంగానే నా అంకెను నమ్మి, తన కళ్లనే అనుమానించిందా? మూడింటిలో ఏది తేలికగా మోయగలనా అని ఎన్నోసార్లు చూసుకున్నాను. ఏదీ కాదు.

ఆమె నెలాఖరు దాకా కూడా ఆగలేదు. రిక్షాలో సామాను పెట్టుకుని, తను కొనుక్కున్న ఆ బల్బును విప్పి నా కిటికీలో పెట్టింది. "పరీక్షలున్నయి గద. నీది పోతే అక్కరకొస్తది" అంది. ఎక్కడికి పోతున్నావని నేను అడగలేదు.

ఆ తర్వాత నేను హీటరు ముట్టలేదు. ఫ్యూజు పోలేదు. దాంతో నా లెక్క రుజువైంది. ఇంటాయన గల్లీ అంతా చెప్పుకున్నాడు. పరీక్షలో, బల్బు వెలిగాక తీగ నిరోధం ఎందుకు పెరుగుతుందో వివరించమని అడిగారు. గ్రాఫు గీసి పేజీన్నర రాశాను. ఫస్టు క్లాసు వచ్చింది. ఇప్పుడు గన్‌ఫౌండ్రీలో ఆఫీసు, నా కింద ఇద్దరు మనుషులు. నేను వేసిన లెక్కను ఎవరూ సరిచూడరు.

ఆ దవాఖాన ముందు నుంచి రెండుసార్లు నడిచాను. పని ఉందని నాకు నేనే చెప్పుకుని లోపలికి పోలేదు. పనేమీ లేదు.

క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతిలో లేదు. ఏడేళ్ల కిందట ఆ కాగితం మీద వేయాల్సిన లెక్క ఇక్కడ వేస్తున్నాను, అందుకే ఈ పూట చెయ్యి కొంచెం తేలికగా ఉంది. వెలుగుతున్న బల్బు నిరోధం ఎనిమిదివందల ఎనభై ఓములు. యాదమ్మక్క గది వాడుకున్నది అరవై వాట్లు. పదిహేనువందలు నావి.