ఆఖరి ఫోటో కొండకు పోయింది

నా చిన్నప్పుడు జరిగిన ఈ సంగతి రాసిపెట్టక తప్పదు. మా అమ్మ ఫోటో చూపించమని మనవరాళ్ళు అడుగుతుంటారు. లేదంటే నమ్మరు. ఎందుకు లేదో చెబుతాను.

మా మావయ్యకు మా దీవిలోని రోజ్ హిల్ పట్నంలో ఫోటోల దుకాణం ఉండేది. మా ఊరి కొండమీదినుంచి కనిపించేదంతా ఒక్క ఫోటోలో కావాలని చెరకు తోట దొర అడిగాడు. ఆ పనిమీద సెయింట్ పియర్‌లోని మా ఇంటికి వచ్చిన మావయ్య, ఫిలింలో ఆఖరి బొమ్మ అమ్మకేనని మాటిచ్చాడు. అప్పటికే అమ్మకు దగ్గితే రక్తం పడేది. ఆ రోజు చెరకు కొట్టడానికి వెళ్ళకుండా, తలంటుకుని, పెళ్ళిచీర కట్టుకుని వాకిట్లో కూర్చుంది.

మూడుకాళ్ళ స్టాండు మోసుకుంటూ నేను మావయ్య వెంట కొండెక్కాను. పదకొండేళ్ళదాన్ని. పైన కాసేపు ఎండ, అంతలోనే మబ్బు, ఆ వెనకే జల్లు. ఎన్ని తీసినా తెల్లటి మంచే. ఒక్క బొమ్మ మిగిలాక మావయ్య విసుగ్గా కెమెరా మూయబోయాడు.

“ఆలే, దిగుదాం పద. ఇది మీ అమ్మకు.”

అక్కడ ఊరుకోవలసింది. గ్రంథాలయంలో చదివింది చెప్పకుండా ఉండలేకపోయాను.

“మావయ్యా, పెద్ద వాన వెలిశాక గాలి కడిగినట్టుంటుందట. సముద్రం దాకా కనిపిస్తుందట. పుస్తకంలో ఉంది.”

“అబ్బో, పంతులమ్మా!” అని నవ్వి ఆగాడు.

వాన గట్టిగా కురిసి వెలిసింది. పుస్తకం నిజమే చెప్పింది. చెరకు తోటలు, ఊళ్ళు, దూరాన పగడపు దిబ్బల మీద తెల్లటి నురగ, అన్నీ బయటపడ్డాయి. మావయ్య మీట నొక్కాడు.

“మరి అమ్మకో?” అన్నాను.

“ఆగమన్నది నువ్వే కదే!”

మేము రావడం చూసి అమ్మ చెంగుతో ముఖం తుడుచుకుని, గోడ పక్కన నిటారుగా నిలబడింది.

“ఫిలిం ఫినీ, అయిపోయింది అక్కా. నీ కూతురి చదువే తినేసింది. వచ్చేసారి చూద్దాంలే,” అన్నాడు మావయ్య నవ్వుతూనే.

అమ్మ నావైపు తిరిగి, “ఏం చదివావే తల్లీ?” అని మాత్రం అడిగి, లోపలికి వెళ్ళి చీర మార్చుకుంది. ఆ ఏడు చెరకు కోతలు ముగియకముందే పోయింది. మావయ్య కెమెరా లేకుండా వచ్చాడు.

అమ్మ ముఖం ఇప్పుడు నాకు సరిగా గుర్తు రాదు. గడ్డం మీద పుట్టుమచ్చ ఉండేదని చెప్పిన పక్కింటి అక్కకు, నా అక్షరాలు దిద్దిన పెద్ద మనవరాలికి కృతజ్ఞతలు. నేను ఈనాటికీ రోజూ చదువుతాను. కానీ తెలిసిన మాట నోటిదాకా వస్తే, ముందు ఎదుటివాడి చేతిలో ఎవరికోసం ఏం మిగిలుందో చూస్తాను.