అప్పలసామి గారి మోకాలి మందు

కోవిడ్ ఆంక్షలు పూర్తిగా ఎత్తేసిన మరుసటి ఏడాది మార్చిలో నన్ను సెంగ్‌కాంగ్‌లోని ఒక జనరల్ క్లినిక్‌లో క్లినికల్ ఫార్మసిస్టుగా వేశారు. అంతకుముందు నా సర్వీసంతా పెద్దాసుపత్రి మందుల విభాగంలోనే గడిచింది. అక్కడ ప్రిస్క్రిప్షన్ వస్తుంది, సరిచూసి మందులిస్తాం, మనిషి వెళ్ళిపోతాడు. క్లినిక్‌లో పని వేరు. షుగరు, బీపీ లాంటి వాటికి ఏళ్ళ తరబడి మందులు వాడేవాళ్ళని డాక్టరు నా గదికి పంపుతారు. నేను వాళ్ళతో తీరిగ్గా కూర్చుని ఏది ఎలా వేసుకుంటున్నారు, ఏది పడటం లేదు, ఒక మందు ఇంకో మందుకు అడ్డొస్తోందా అన్నది చూడాలి. మార్పు అవసరమనిపిస్తే డాక్టరుకు సూచించాలి. రోగనిర్ధారణ నా పని కాదు, కొత్త మందు రాసే అధికారం నాకు లేదు. ఈ గీత ఎక్కడుందో ఇద్దరికీ తెలుసు కనుక, వయసులో నాకంటే చాలా చిన్నదైన మా క్లినిక్ డాక్టర్ టాన్‌తో నాకెప్పుడూ పేచీ రాలేదు.

అప్పలసామి గారిని ఆవిడే పంపింది. అరవై దాటిన మనిషి, స్కూలు బస్సు డ్రైవరు. వాళ్ళ తాత విశాఖ వైపు నుంచి ఓడెక్కి వచ్చారట. ఈయన పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. తెలుగు వచ్చు, కానీ అందులో సగం తమిళం, మలయ్ కలిసిపోయి ఉండేవి. ఇక్కడి అలవాటు ప్రకారం ఆ ఇంట్లోవాళ్ళు మాట చివర 'లా' అని తగిలించేవారు. ఏడాదిగా ఆయన షుగరు పెరుగుతూనే ఉంది. మాత్రల మోతాదు పెంచారు, ఇంకో మాత్ర చేర్చారు. మూడు నెలల సగటు చెప్పే రక్తపరీక్షలో ప్రతిసారీ అంకె పైకే పోతోంది. ఇక ఇన్సులిన్ మొదలుపెడదామని డాక్టరు నిర్ణయించి, సూది ఎలా వేసుకోవాలో నేర్పమని నాకు అప్పగించింది.

ఆయన భార్య నారాయణమ్మ గారితో కలిసి వచ్చి కుర్చీ అంచున కూర్చున్నారు. "సూది వద్దు మేడమ్. ఇన్సులిన్ అంటే బస్సుకి మళ్ళీ మెడికల్, మళ్ళీ పర్మిషన్. ఈ వయసులో ఎవడిస్తాడు? బస్సు పోతే ఇంట్లో కూర్చుని ఏం చెయ్యను?" అన్నారు.

తిండి గురించి అడిగాను. ఆవిడ ఆయనకు అన్నం తగ్గించేసి నెలలైందట. మాత్రలు తెచ్చి చూపించారు. మిగిలినవి లెక్క ప్రకారమే ఉన్నాయి, అంటే ఎగ్గొట్టడం లేదు. వేళకు తిని, వేళకు మందు వేసుకునే మనిషికి షుగరు ఇంతగా ఎందుకు పెరుగుతోందో నాకు అంతుపట్టలేదు. బీపీ చూద్దామని చొక్కా చెయ్యి పైకి మడిచాను. మోచేతి కింద చర్మం పల్చగా, ఉల్లిపొరలా ఉంది. అక్కడక్కడా కమిలిన మచ్చలు. బస్సు తలుపు తగిలినా ఇలా అవుతుందన్నారు. అప్పుడు మొహం వంక చూశాను. బుగ్గలు గుండ్రంగా ఉబ్బి ఉన్నాయి. కాళ్ళు మాత్రం సన్నం.

మా వృత్తిలో ఉన్నవాళ్ళకి ఈ ఆకారం తెలుసు. స్టెరాయిడ్ మందులు ఎక్కువ కాలం వాడినవాళ్ళు ఇలా మారతారు. వాళ్ళకి షుగరూ బీపీ పెరుగుతాయి. కానీ ఆయనకు ఎవరూ స్టెరాయిడ్ రాయలేదు. ఇంకేమైనా మందులు వాడుతున్నారా అని అడిగాను. లేదన్నారు. నాటుమందులు? లేదు. రెండుసార్లూ తడుముకోకుండా చెప్పారు, అబద్ధం చెబుతున్నట్టు లేదు. అందుకని ప్రశ్న మార్చాను.

"బస్సు క్లచ్ తొక్కితొక్కి మోకాళ్ళు నొప్పి పుట్టవా అంకుల్?"

ఆయన మొహం విప్పారింది. "పోయిన ఏడాది నరకం మేడమ్! మెట్టు ఎక్కలేకపోయా. ఇప్పుడు బగుస్, బ్రహ్మాండం, పిల్లాడిలా ఎక్కుతా. మా ఫ్రెండు డ్రైవరు తెచ్చిచ్చాడు, వేర్ల పొడి. సుమ్మా, ఊరికే క్యాప్సూల్లో పెట్టి ఇస్తారు."

"మరి మందులు లేవన్నారే?"

"అది మందు కాదు కదా, వేరు."

వాళ్ళ ఫ్లాటు పక్క వీధిలోనే. నారాయణమ్మ గారు వెళ్ళి సీసా తెచ్చారు. మీద మొక్క బొమ్మ ఉంది, తయారు చేసినవాళ్ళ పేరు లేదు. ఇలాంటి వాటిలో కొన్నిటికి రహస్యంగా స్టెరాయిడ్ కలుపుతారు. నొప్పి మాయమవుతుంది గనుక జనం వేర్ల మహిమ అనుకుంటారు. నేను సీసా పట్టుకుని డాక్టర్ టాన్ గది తలుపు తట్టాను. సూచనలను మామూలుగా కంప్యూటర్లో రాసి పెడతాం. ఇది అలా ఆగే విషయం కాదనిపించింది.

ఆవిడ అంతా విని, మీరు ఖచ్చితంగా చెప్పగలరా అని అడిగింది. పరీక్ష చేయించకుండా చెప్పలేనన్నాను. అయితే ఒకటి మాత్రం ఖాయంగా చెప్పాను: ఇందులో స్టెరాయిడ్ ఉంటే దీన్ని ఒక్కసారిగా ఆపకూడదు, ఈ సంగతి తేలకుండా ఇన్సులిన్ మొదలుపెట్టకూడదు. మన ఒంట్లో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్ ఒకటుంది. బయటినుంచి నెలల తరబడి అందుతుంటే శరీరం దాన్ని తయారు చేయడం మానేస్తుంది. బయటిది హఠాత్తుగా ఆగితే రెండూ లేక బీపీ, షుగరు పడిపోయి ప్రాణం మీదికొస్తుంది.

డాక్టరు ఇన్సులిన్ వాయిదా వేసింది. రక్తం తీయించి, క్యాప్సూల్స్ పరీక్షకు పంపించి, ఆసుపత్రి స్పెషలిస్టు దగ్గర ఆ వారంలోనే అపాయింట్‌మెంట్ తీసుకుంది. ఈలోగా క్యాప్సూల్ బదులు వేసుకోవడానికి ప్రెడ్నిసొలోన్ రాసింది. అదీ స్టెరాయిడే, కాకపోతే ఎంత ఉందో తెలిసినది. నెమ్మదిగా తగ్గించుకుంటూ రావచ్చు. ఆ తెల్ల మాత్రలు భార్యాభర్తలిద్దరి ముందూ పెట్టి, ఒక్క పూట కూడా మానకూడదని, ఎందుకు మానకూడదో కూడా తెలుగులో చెప్పాను. ఇద్దరూ తలూపారు.

మందు మార్చినప్పుడు రెండు మూడు రోజుల తర్వాత ఇంటికి ఫోన్ చేయడం మా పద్ధతి. మూడో రోజు పొద్దున చేశాను. నారాయణమ్మ గారు ఎత్తారు.

"పడుకునే ఉన్నాడమ్మా. నిన్నటినుంచి మకాన్ లేదు, తిండే లేదు, కాఫీ తాగినా కక్కేస్తన్నాడు. బస్సుకి వేరే మనిషిని పంపారు."

"తెల్ల మాత్రలు వేస్తున్నారా ఆంటీ?"

ఆవిడ మళ్ళీ కాఫీ సంగతే ఎత్తారు. మళ్ళీ అడిగాను.

"పారేశానమ్మా. మా అమ్మాయి ప్రియ ఫోన్లో చూసి చెప్పింది, అదీ స్టెరాయిడేనంట, సేమ్ థింగ్ లా అంది. ఒక విషం వదిలిందని ఇంకో విషం ఎందుకు పెట్టుకుంటాను?"

గొంతు మామూలుగానే ఉంచాను. ఆయన్ని పిలిచి చూడమన్నాను. పలుకుతున్నాడు గానీ మాట ముద్దగా ఉందన్నారు. ఇంట్లో షుగరు మీటరు ఉంది. చూసి చెప్పమంటే, అంకె ఏనాడూ లేనంత తక్కువ చెప్పారు. షుగరు మాత్రలు వేశారా అంటే, అవి మానలేదన్నారు. లేపి కూర్చోబెట్టి, మింగగలిగితేనే చక్కెర నీళ్ళు గుక్క గుక్కగా తాగించమన్నాను. ఈలోగా కౌంటరులో అమ్మాయికి సైగ చేస్తే ఆంబులెన్సుకి ఫోన్ చేసింది. డాక్టర్ టాన్ తన పేషెంటుని మధ్యలో ఆపి ఆసుపత్రి ఎమర్జెన్సీతో మాట్లాడింది.

ప్రియ ఊరి నడుమ రాఫెల్స్ ప్లేస్‌లో ఆఫీసులో ఉంది. నారాయణమ్మ గారికి ఇంగ్లీషు అంతంతమాత్రం. ఆంబులెన్సు వాళ్ళకు అసలు విషయం తెలియకపోతే షుగరు పడిపోయిన మామూలు కేసనుకుంటారు. అందుకని ఆవిడతో మూడే మాటలు పదే పదే అనిపించాను: స్టెరాయిడ్, సడన్, స్టాప్. వాళ్ళు తలుపు తట్టినప్పుడు నేనింకా ఫోన్లోనే ఉన్నాను. "స్టెరాయిడ్ సడన్ స్టాప్ లా! స్టెరాయిడ్ సడన్ స్టాప్!" అని ఆవిడ గట్టిగా అరవడం వినిపించింది.

దారిలోనే సెలైన్ పెట్టారు, ఆసుపత్రిలో స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చారు. సాయంత్రానికి మనిషి తేరుకున్నారు. ఇంకా ఆలస్యమై ఉంటే కష్టమయ్యేదని అక్కడి డాక్టరు మా డాక్టరుకు చెప్పారు. క్యాప్సూల్స్‌లో స్టెరాయిడ్ ఉన్నట్టు తేలింది. డాక్టర్ టాన్ నియమం ప్రకారం మందుల నియంత్రణ చూసే ప్రభుత్వ విభాగానికి తెలియజేసింది.

ఆ వారం ప్రియ క్లినిక్‌కి వచ్చింది. ముప్ఫై ఏళ్ళ అమ్మాయి. "ఐ ఓన్లీ వాంటెడ్ టు హెల్ప్," అంటూ కళ్ళు తుడుచుకుంది. ఆమె చదివిన దాంట్లో తప్పు లేదని, రెండూ స్టెరాయిడ్లేనని చెప్పాను. ఒకటి దొంగతనంగా ఒంట్లో చేరింది, ఇంకోటి దాన్ని బయటికి సాగనంపడానికి ఇచ్చింది అంటే ఆమెకు వెంటనే అర్థమైంది. నాన్న మాత్రల డబ్బా నేను చూసుకుంటానంది, చూసుకుంది కూడా.

ప్రెడ్నిసొలోన్ పూర్తిగా మాన్పించడానికి చాలా నెలలు పట్టింది. మోతాదు తగ్గే కొద్దీ షుగరు దిగింది, మధ్యలో చేర్చిన మాత్ర తీసేశాం. ఇన్సులిన్ అవసరం రాలేదు. కానీ మోకాలి నొప్పి తిరిగొచ్చింది, మునుపటికంటే ఎక్కువగా. పెద్ద బస్సు నడపలేక ఆయన ఆ ఉద్యోగం వదిలేశారు. తర్వాత క్లచ్ లేని చిన్న వ్యాను ఒకటి దొరికింది, పొద్దున ఒక్క ట్రిప్పు.

"షుగరు తీసుకుని మోకాలు తిరిగిచ్చేశారు మేడమ్, ఇదేం బేరం?" అన్నారొకసారి. కోపం కొంత నిజమే. అయినా అదే క్యాప్సూల్స్ వాడుతున్న ఇద్దరు డ్రైవర్లని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది ఆయనే.

ఆ తర్వాత రిటైరయ్యే దాకా నా పనిలో రెండు మార్పులు చేసుకున్నాను. ఏ మందులు వాడుతున్నారని అడిగి ఊరుకోలేదు. ఎక్కడ నొప్పి, దానికి ఏం చేస్తున్నారు అని అడిగాను. స్టెరాయిడ్ ఇచ్చేటప్పుడు, ఇది చెడ్డదని ఇంట్లో ఎవరైనా అంటే ఏం చేస్తారో పేషెంటు చేతనే చెప్పించుకున్నాను. జవాబు సరిగ్గా వచ్చాకే మాత్రల పొట్లం చేతికిచ్చాను.