సబ్బు వాసన

ఆసుపత్రి ఆయా ఇంటికి రాగానే గడప తొక్కదు. పెరటి కుళాయి దగ్గర మోచేతుల దాకా సబ్బు రుద్దుకుని, మాస్కు తీసి, అరచేతులు ముక్కుకు ఆనించుకుంటుంది. కరోనా వార్డులో ఎందరికో ముందు వాసన పోవడం చూసింది కనుక, సబ్బు గుప్పుమంటేనే ఆమె ప్రాణం కుదుటపడేది. ఆవేళ ఏమీ రాలేదు. "దొంగ సబ్బు!" అని తిట్టి, కొత్తది విప్పి రుద్దింది. పగిలిన చర్మం భగ్గున మండిందే గానీ వాసన లేదు. ఇంతలో వంటింట్లోంచి అత్తగారు కేకేసింది. "అయ్యో, పాలు మాడిపోయాయే! పెరడంతా కంపు కొడుతుంటే చెప్పవేం?" అమ్మ వచ్చిందని కూతురు చేతులు చాపుకుని పరుగెత్తుకొచ్చింది. ఆయా తలుపు లాగేసి బయట గొళ్లెం పెట్టింది. లోపల చిట్టి పిడికిళ్లు దబదబా బాదుతున్నాయి. "అమ్మా, తలుపు తియ్యవే!"

ఆయా గొంతు మార్చి అంది: "అమ్మ ఇంకా రాలేదమ్మా."